పసుపు కళ్ల పిట్ట కాలి చీటీ

ఆ చీటీ కత్తిరించింది నేనే. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు.

మా కాలేజీ మ్యూజియంలో దూది కూరిన పిట్టలు సొరుగుల నిండా ఉంటాయి. ఎమ్మెస్సీ అయ్యాక అక్కడ నాకు దొరికిన పని, బ్యాబ్లర్లను కొత్త వర్గీకరణ ప్రకారం సర్దడం. మట్టిరంగులో ఉండి గుంపుగా గోలచేసే ఈ పిట్టల్ని పూర్వం చాలావరకు ఒకే కుటుంబంలో వేసేశారు. డీఎన్ఏ చూశాక ఆ కుటుంబం ముక్కలైంది. పసుపు కళ్ల బ్యాబ్లర్ అయితే అసలు ఆ ఇంటిది కాదట. దాని దగ్గరి చుట్టాలు చిలుకలాంటి పొట్టి ముక్కున్న వేరే పిట్టలు.

"ఏటే, ఏడుగురన్నదమ్ములకీ పంపకాలైపోనాయా?" అనేవాడు తాత. ఇక్కడి బెంగాలీలో ఈ పిట్టల్ని ఏడుగురన్నదమ్ములంటారు. తాతంటే మా తాత కాదు, పిట్టల కాళ్లకి పేర్ల చీటీలు కట్టే అటెండరు. ఈ ఊళ్లోనే, వాట్‌గంజ్‌ పేటలో పుట్టిన శ్రీకాకుళం మనిషి. మొదటిరోజు నేను తలెత్తకుండా నిలబడితే, "దూది కూరింది ఆటికే గానీ నీక్కాదు గుంటా, మాటాడు" అన్నాడు.

పేరు మారినా పాత చీటీ తియ్యకూడదు, కొత్తది పక్కన కట్టాలి. అక్కడి పద్ధతి అది, నాకూ తెలుసు. ఒక మధ్యాహ్నం తాత టీకి వెళ్లాడు. పసుపు కళ్ల పిట్ట కాలికి పాత కుటుంబం పేరు వేలాడుతోంది. తప్పు పేరు ఇంకెందుకని దారం కత్తిరించి చీటీ బుట్టలో పడేశాను. తప్పు పడిన పేజీ చింపేసి మళ్లీ రాసుకునే అలవాటు నాది. పిట్టను ఎక్కడ, ఏ రోజు పట్టారో చీటీ వెనకే ఉంటుందని గుర్తొచ్చేసరికి చెత్తబుట్ట ఖాళీ అయిపోయింది. ఆ వివరం లేని పిట్ట పరిశోధనకి పనికిరాదు.

వారం తర్వాత, పాత చీటీ లేదని మ్యూజియం చూసే మేడమ్ కనిపెట్టారు. తాత చేతులు వణుకుతాయని అందరికీ తెలుసు. "ఇంకెవరు చేస్తారు?" అన్నారావిడ. నావైపు చూడనే లేదు. నేను సొరుగు పిడి పట్టుకుని నిలబడ్డాను. పిడి చల్లగా ఉంది. అంతకుమించి ఏమీ అనిపించలేదు. నా వయసు కంటే ఎక్కువ ఏళ్లు ఆ గదిలో పనిచేసిన మనిషిని గేటు దగ్గర కాపలాకి వేశారు.

అక్కడ ఒక్కరోజే కూర్చున్నాడు. మర్నాటి నుంచి రాలేదు. ఆ కూర్చున్న రోజు సాయంత్రం నేను ఖిదిర్‌పూర్ బస్సు కోసం గేటు దాటుతుంటే, లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడు కోసేసినానో ఎంత ఆలోసించినా గుర్తు రాట్నేదే అమ్మా. నువ్వు పక్కనే ఉన్నావు కదా. నీకేటైనా గుర్తుందా?"