మంచు ఆరేదాకా బడి

ఆ రోజు హోసియా టార్వర్ గంట కొట్టడం మరిచిపోయాడా, కావాలనే ఊరుకున్నాడా? ఇది ఇప్పటికీ తేలని సంగతి. అలబామాలోని ఆ పల్లెలో అప్పటివాళ్ళు మిగిలింది ముగ్గురో నలుగురో. అడిగితే తలో మాట చెబుతారు.

హోసియా బ్లెడ్సో దొర భూమిలో సగం పాలుకి పత్తి పండించేవాడు. వడ్రంగం కూడా వచ్చు. నల్లవాళ్ళ పిల్లలకి బడి కట్టుకుందామని ఊరంతా అనుకున్నప్పుడు దూలాలు కోసింది అతనే. దీపాలకి స్తోమత లేదని తూర్పు గోడంతా కిటికీలే పెట్టాడు. దొర మనుషులు ఒకసారి వచ్చి దూలాలు విరగ్గొట్టారు. మళ్ళీ కోశాడు. రెండోసారి వచ్చి అతని ముందుపళ్ళు రాలగొట్టారు. నెత్తురు ఉమ్మేసి, చెల్లాచెదురైన మేకులు ఏరుకున్నాడు.

"పళ్ళు లేని వడ్రంగివి, ఇక మేకులు ఎక్కడ పట్టుకుంటావు అన్నా?" అంది పంతులమ్మ ఒడెస్సా.

"పెదాలున్నాయిగా పంతులమ్మగారూ. అవీ పీకేస్తే చెవుల్లో పెట్టుకుంటా."

ఏడాదికి అయిదు నెలలు నడవకపోతే పంతులమ్మ జీతం ఆపేసి బడికి తాళం వేస్తామంది జిల్లా కచేరీ. పత్తి తీత నెలలు కలపందే ఆ అయిదూ పూర్తికావు. తీత రోజుల్లో ఒక్క పిల్ల బడిలో కనబడినా ఆ కొంప పీకేస్తానన్నాడు దొర. చివరికి ఊరు ఒక ఉపాయం చేసింది. మంచుకి తడిసిన పత్తి ఎవరూ తియ్యరు, బూజు పడుతుంది. అందుకని తెల్లారగానే బడి, మంచు ఆరగానే చేను. గట్టు పక్క సాలులో విచ్చిన కాయ పిసికి చూసి, అరచేతికి తడి తగలకపోతే గంట కొట్టడం హోసియా పని. గంట వినగానే పిల్లలు సంచులు భుజాన వేసుకుని పరుగెత్తేవాళ్ళు.

అక్టోబరులో ఒకనాడు రాత్రంతా పొడిగాలి వీచింది. మంచే పడలేదు. తెల్లవారుతూనే కాయ పొడిగా ఉంది. హోసియా వచ్చి గంట తాడు పట్టుకున్నాడు. లోపల అతని కూతురు లూడీ, పదకొండేళ్ళది, నిలబడి పైకి చదువుతోంది. అక్షరాల కింద వేలు పెట్టకుండా చదవడం అదే మొదలు. హోసియా తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

గుర్రాల చప్పుడు వినబడేసరికి పొద్దు బారెడెక్కింది.

"మంచేదిరా హోసియా? నీ కళ్ళలో ఉందా?" అన్నాడు దొర.

"ఇదిగో, కొడుతున్నా దొరా!"

కొరడా ముఖాన్ని చీల్చింది. కంటిలోకి నెత్తురు దిగింది. దొర మేస్త్రీ క్రెన్షా తుపాకి మడమతో కిటికీలు ఒక్కొక్కటే పగలగొట్టాడు. బల్లల కింద దూరిన పిల్లల తలల మీద అద్దం పెంకులు కురిశాయి. లోపలికెళ్ళి లూడీని జడ పట్టుకుని ఈడ్చాడు.

"చదువొచ్చిందటగా! ఏదీ, ఇప్పుడు చదువు!" అని తుపాకి మడమతో దాని నోటి మీద కొట్టాడు.

హోసియా సుత్తి తీసుకుని లోపలికెళ్ళాడు. మొదటి దెబ్బకి క్రెన్షా మణికట్టు విరిగింది. రెండో దెబ్బకి మోకాలు. వాడి అరుపులకి గుర్రం బెదిరి దొరని కింద పడేసింది. దొర లేచి, వాణ్ణి జీను మీదికి ఎక్కించుకుని, "గంటలో కుక్కలతో వస్తా. వీడు దొరక్కపోతే బడి తగలబెడతా" అని వెళ్ళిపోయాడు.

"చర్చి నేల కింద దాక్కో అన్నా," అంది ఒడెస్సా.

"దాక్కుంటే వెతుకుతారు. వెతికి విసిగితే నిప్పు పెడతారు. రైలు కట్ట వైపు పోయానని మీరే చెప్పండి. నేను కావాలి వాళ్ళకి, నా వెనకే పడతారు."

అలాగే చెప్పింది ఆమె. కుక్కలు అటే పోయాయి. కిటికీలకి పత్తి సంచులు కట్టి, ఆ ఏడు అయిదు నెలలూ బడి నడిపారు. అదంతా తర్వాతి మాట.

"పిల్లతో ఒక్క మాటైనా..." అంది ఒడెస్సా.

హోసియా పగిలిన కిటికీలోంచి చూశాడు. లూడీ పంతులమ్మ శాలువా మీద అటు తిరిగి పడుకుంది. తోటి పిల్లలు దాని జుట్టులోంచి పెంకులు తీస్తున్నారు. పిలిస్తే లేచి వచ్చి మెడ పట్టుకుంటుంది. ఆ చేతులు విడిపించుకోవడం తనవల్ల కాదు.

సుత్తి గడప మీద పెట్టాడు. పత్తి సాళ్ళకి అడ్డంగా, పరుగెత్తకుండా, అడుగులు నేలలో బాగా దిగేలా తొక్కుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు.