ఒకే దుమ్ము తిన్న అన్నదమ్ములం

మొన్న మా తమ్ముడి కూతురు, నందిగామ కాలేజీలో జీవశాస్త్రం పాఠాలు చెప్పే పిల్ల, మా ఇంటికొచ్చి, ఈ వయసులోనూ నేను ఆయాసం లేకుండా మేడమెట్లు ఎక్కడం చూసి అదోలా నిలబడిపోయింది. ఏంటమ్మా అంటే తను చెప్పిన మాట నన్ను తొంభైల్లోకి ఈడ్చుకుపోయింది.

అప్పట్లో జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీలో నేను పెద్ద మేస్త్రీని, నేను చెయ్యి ఊపితేగాని కొండ పేలేది కాదు. సరే, ఈ వయసులో అబద్ధమెందుకు, మేస్త్రీనీ కాదు పాడూ కాదు. నేనూ తమ్ముడూ క్రషర్‌ నోట్లో రాళ్లు ఎత్తిపోసే కూలీలం. సాయంత్రానికి కనురెప్పలతో సహా తెల్లబడి, ఎవరు అన్నో ఎవరు తమ్ముడో మా ఆడవాళ్లే పోల్చుకోలేనట్టు ఇంటికి చేరేవాళ్లం. గొంతులో దుమ్ము దిగిపోతుందని పనయ్యాక తలా ఒక బెల్లం ముక్క పెట్టేవారు. నేను అక్కడే చప్పరించేసేవాణ్ణి. వాడు తువ్వాలు కొసకి ముడేసుకుని కూతురికి పట్టుకుపోయేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక వాడికి దగ్గు పట్టుకుంది. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్తే బస్టాండు నుంచి గేటు చేరేలోపు ఎక్కడపడితే అక్కడ కూలబడేవాడు. "ఇద్దరం ఒకే దుమ్ము తిన్నాం గదా అన్నయ్యా, నీకేం కాలేదేంటి?" అని నవ్వబోయి దగ్గులో పడిపోయేవాడు. బెల్లం తినకపోతే అంతే మరి అనేవాళ్లు మావాళ్లంతా, నాతో సహా. పిల్ల వింటూ ఉండేది. వాడు పోయాక అది తీపి ముట్టలేదు.

దుమ్మూ పొగా ఊపిరితిత్తుల్లో రేపే విషాన్ని విరిచే ఎంజైము ఒకటి మన ఒంట్లోనే తయారవుతుందట. దాన్ని తయారుచేయించే జన్యువు కొందరికి పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంటుందనీ, అలాంటివాళ్లని అదే దుమ్ము త్వరగా కూల్చవచ్చనీ, నాన్నది అదేనని చెప్పలేం గానీ కావచ్చనీ అంది మొన్న ఆ పిల్ల. పోనీలే తల్లీ, నువ్వు తిన్న బెల్లం తప్పేం లేదుగా అన్నాను, తేలికపడుతుందనుకుని.

"అంటే, ఆ బెల్లం నాన్నే తిన్నా పోయేవాడేగా పెదనాన్నా!" అని భోరుమంది.

ఇప్పుడు క్రషర్ల దగ్గర నీళ్లు చల్లుతున్నారు, మాస్కులిస్తున్నారు, మంచిదే. మా రోజుల్లో ఏ రోగమొచ్చినా తిట్టుకోవడానికి కంట్రాక్టరో, దేవుడో, కాల్చిన చుట్టో దొరికేది. ఇప్పుడెవర్ని తిట్టను? సెంటు భూమి లేని మా అమ్మానాన్నలు మా ఇద్దరికీ పంచిన ఆస్తి ఈ ఒంట్లో ఉన్నదొక్కటే. ఆ పంపకంలో, నేను అడక్కుండా, వాడికి తెలియకుండా, మంచి వాటా నేను పట్టుకొచ్చేశాను.