టీచరమ్మ పేరుతో వచ్చిన సందేశాలు

టీచరమ్మ పిల్లలకు ఈత నేర్పేది. నీళ్లను చూస్తేనే బిగుసుకుపోయే పిల్లల్ని రెండు చేతుల మీద తేలించి, "కాళ్లాడించు నాన్నా, నేనున్నాగా" అంటూ పది రోజుల్లో చేపపిల్లల్ని చేసేది.

ఒకరోజు ఆమె పేరు, ఆమె ఫొటో ఉన్న ఖాతా నుంచి తల్లుల ఫోన్లకు సందేశాలు వెళ్లాయి. "మీవాడు బండరాయి. మునిగితే నాదేం పూచీ లేదు" అని ఒకరికి. ఇంకొకరికి అంతకంటే వెకిలిగా. "అది నేను కాదండీ" అని ఆమె గుమ్మం గుమ్మం తిరిగి మొత్తుకున్నా, ఇరవై రెండు మంది పిల్లలు నెల తిరగకుండానే ఆరుగురయ్యారు.

పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ అంతా విని తల గోక్కున్నాడు.

"ఆ ఖాతా ఎవరిదో ఆ యాప్ కంపెనీవాళ్లే చెప్పాలమ్మా. వాళ్లను అడిగే అధికారం మాకు లేదు. రాజధానిలో ఒక్క ఆఫీసుకే ఉంది."

"అంటే, కనుక్కునే దారుండి కూడా అడగరన్నమాట!"

"అడిగే నోరు మాకివ్వలేదమ్మా."

రాజధానికి పంపిన ఫిర్యాదుకు ఏడాదైనా జవాబు లేదు. ఆ తర్వాత చట్టం మారింది. జడ్జి అనుమతితో ఏ స్టేషనైనా అలాంటి వివరాలు అడగవచ్చు. ఆ వారమే హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"మీ ఫిర్యాదు నకలు నా దగ్గరే ఉందమ్మా. ఒకసారి రండి."

"నా ఫోన్ కూడా తిరగేస్తారా?" అని, జడ్జి అనుమతి వచ్చిన రోజు ఆమె జంకుతూ అడిగింది.

"లేదమ్మా. జడ్జిగారు సంతకం పెట్టింది ఆ ఒక్క ఖాతాకే."

పద్దెనిమిదో రోజున కంపెనీ జవాబిచ్చింది. ఆ ఖాతా తెరిచిన ఫోన్ ఈతకొలను దగ్గర టికెట్లిచ్చే మనిషిది! మధ్యాహ్నం పూట టీచరమ్మ పక్కనే కూర్చుని తినే మనిషి. తన చెల్లెలికి రావలసిన ఉద్యోగం టీచరమ్మ తన్నుకుపోయిందని ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుందట. అడగగానే ఒప్పేసుకుంది.

కోపం ముంచుకొస్తుందనుకుంది టీచరమ్మ. రాలేదు. స్టేషన్ బల్ల మీద కూలబడి భోరుమంది.

"అయిపోయిందిగా, ఇంకా ఏడుపెందుకమ్మా?" హెడ్ కానిస్టేబుల్ మంచినీళ్లు అందించాడు.

"అయిపోయిందనే ఏడుస్తున్నానండీ."

విషయం తెలిశాక, అందరికంటే గట్టిగా తిట్టిన తల్లే ముందుగా వచ్చింది.

"ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు టీచర్."

"మొహం సంగతి తర్వాత చూద్దాం. ముందు పిల్లాణ్ణి నీళ్లలోకి దింపండి."

నెలాఖరుకు పిల్లలు పద్దెనిమిది మందయ్యారు. మిగతా నలుగురూ రానే లేదు. ఇప్పుడు ఫోన్ మోగితే టీచరమ్మ మునుపటిలా ఉలిక్కిపడదు. చేతులు తుడుచుకుని తాపీగా తీస్తుంది.