హజరత్తయ్య మొలతాడు

అల్లూరు రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ ఆగిపోతే హజరత్తయ్యను పిలుస్తారు. తిరిగే మోటారు మీద చెయ్యి ఆనించి, ఏ బేరింగు అరిగిందో చెబుతాడు. పని రానివాళ్లంటే అతనికి గిట్టదు. ఎవరు పని చెడగొట్టినా టీ అంగట్లో కూర్చుని పేరు పెట్టి చెబుతాడు.

పోయిన నెల డొక్కలో నొప్పి వస్తే కావలి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు సీటీ స్కాన్ రాశాడు. స్కాన్ తీసే నజ్మా, "ఒంటిమీద లోహం ఏదున్నా తీసెయ్యి పెదనాయనా" అంది.

"ఏం లేదమ్మా" అన్నాడు.

లుంగీ కింద వెండి మొలతాడు ఉంది. మగవాడి మొల బోసిపోయేది ప్రాణం పోయాకే అని అతని నమ్మకం. ఆ మాట ఆడపిల్లతో చెప్పడానికి సిగ్గు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ఎక్కువ అడగలేక, ఆమె అతని మాటే నమ్మి స్కాన్ తీసింది. నడుము దగ్గర బొమ్మంతా తెల్లటి చారలు పడ్డాయి. బొమ్మ చెడింది, మళ్లీ తియ్యాలన్నారు. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గగానే అతను ఊరికి వచ్చేశాడు.

"ఆ పిల్లకి పని రాదు. బొమ్మ చెడగొట్టింది" అని అంగట్లో చెప్పాడు.

నొప్పి మళ్లీ వచ్చింది. మళ్లీ కావలి పోయారు. "ఇది ఊరికే తీసే స్కాన్ కాదు. ఎక్స్‌రే కన్నా చాలా ఎక్కువ రేడియేషన్ పడుతుంది. కానీ రాయి ఎక్కడుందో తెలియకపోతే కిడ్నీకే ముప్పు" అన్నాడు డాక్టరు.

ఈసారి నజ్మా సూటిగా అడిగింది. "నడుముకు ఏముంది పెదనాయనా? ఆ చారలు దానివల్లే."

హజరత్తయ్య తల దించుకున్నాడు. పక్కనున్న భార్య మాలకొండమ్మే చెప్పింది. "వెండి మొలతాడు తల్లీ." మొగుడి వైపు తిరిగింది. "మోటారు తెచ్చినోళ్లని దాచకుండా చెప్పమని తిడతావు గదా, నీ నోటికేమొచ్చింది?"

"చెప్పుంటే ఆ రోజే దారి చూపేదాన్ని" అంటూ నజ్మా కట్టుగుడ్డ పేలిక చించి ఇచ్చింది. "మొల బోసిపోకుండా ముందు ఇది కట్టు పెద్దమ్మా. తరవాత వెండిది తియ్యి."

ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. రాయి మూత్రనాళం కింది భాగంలో, పోయినసారి చారలు కప్పేసిన చోటే ఉంది.

బయటికి వచ్చేసరికి టీ అంగడి యెహోషువ, వాళ్లమ్మను స్కాన్ కోసం చక్రాల కుర్చీలో తెచ్చి నిలబడి ఉన్నాడు. నజ్మాను చూసి ఆయాతో అంటున్నాడు. "ఈ పాప వద్దక్కా, ఇంకెవరినైనా పిలువు. మా హజరత్తయ్యన్న బొమ్మ చెడగొట్టిందంట."

నజ్మా మొహం పాలిపోయింది. హజరత్తయ్యను యెహోషువ ఇంకా చూడలేదు. కంటపడకుండా జారుకోవడానికి మెట్ల దారి పక్కనే ఉంది.

"యెహోషువా, చెడగొట్టింది నేను."

"ఏందన్నా?"

"మొలతాడు దాచిపెట్టి అబద్ధం చెప్పినా. ఆ పాప పనిలో వంక లేదు."

"మరి మా అంగట్లో అంతమంది ముందర అంటివే!"

హజరత్తయ్యకు చెవులు కాలిపోయాయి. నజ్మా ముసలమ్మ కుర్చీని లోపలికి తోసుకుపోయింది.

"ఊళ్లో నేను చెప్తాలే అన్నా" అన్నాడు యెహోషువ, నవ్వు ఆపుకుంటూ.

"నువ్వు చెప్పబాక. నేనే వచ్చి చెప్తా."