బస్తా అడుగు పప్పు

మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న మా అన్న బిడ్డ ఒక ప్రశ్న పెట్టింది. "కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడుకుతలేదు, ఏం జెయ్యాలె?" అంతే. ఆమె పెళ్లయి భూపాలపల్లిలో కాపురం పెట్టి ఇంకా ఏడాది కాలేదు. పొద్దున అడిగితే మధ్యాహ్నానికి గ్రూపు సలహాలతో నిండిపోయింది. ఒకరు కుక్కర్లో గరిటె వేయమన్నారు, ఒకరు కొబ్బరి చిప్ప వేయమన్నారు. జన్మలో పొయ్యి ముందు నిలబడని మా మేనమామ, పప్పు ముందురోజే నానబెట్టాలనీ, ఆ నీళ్లు పారబోయాలనీ, పారబోసేటప్పుడు మొక్కలకు పోయాలనీ విడివిడిగా మూడు సందేశాలు పంపాడు. నూనె చుక్క, పసుపు చిటికెడు, వక్క ముక్క. ఎవరో ఒక వీడియో కూడా పెట్టారు. అందులో ఒకాయన పప్పు పేరు చెప్పి మొదలుపెట్టి, ఉడికే సంగతికి రాకుండానే ముగించాడు. నేను కూడా ఊరుకోలేదు. "చిటికెడు సోడా వెయ్యి బిడ్డా" అని రాశాను. చివరికి మహబూబాబాద్‌లో ఉండే మా అక్క ఒకే ఒక్క ముక్కతో తీర్పు చెప్పింది: "ఏం జేస్తవు బిడ్డా, నీకు మీ అమ్మ చెయ్యొచ్చింది." దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. మా వదిన అది చదవడం నేను చూశాను. వంటింట్లో నిలబడి చదివింది. ఫోన్ బోర్లా పెట్టి బెండకాయలు కోసుకుంటూ కూర్చుంది.

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, ఆ పప్పు ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. ఆ పప్పు మా దుకాణంది. పంపింది నేను. ఇది చెప్పకుండా సోడా వేయమని చెప్పిన నా మీద నాకే చిరాకు పుట్టి ఇది రాస్తున్నాను.

జనగామలో మా కిరాణా దుకాణం తాత పెట్టింది. ఆయన పెట్టిన కట్టడి ఒకటి ఆయన పోయాక కూడా నడిచింది: మంచిది గిరాకీకి, మిగిలింది ఇంటికి. దుకాణం ఉన్నవాళ్లకేం, అన్నీ ఇంట్లోనే అని లోకం అనుకుంటుంది. మా ఇంట్లోకి వచ్చేదేమిటో లోకానికి తెలియదు. కొత్త బస్తా విప్పే ముందు పాత బస్తా అడుగున మిగిలిన పప్పు మాది. ఎవరూ కొనక నల్లబడ్డ చింతపండు మాది. పురుగు పడితే జల్లించిన రవ్వ, వాసన పోయిన జీలకర్ర మావి. కూరగాయలు కూడా బాపు పొద్దుగూకి అంగడి ఎత్తేసే వేళ తెచ్చేవాడు. ముదిరిన బెండకాయలు, గింజ పట్టిన వంకాయలు, గోరు దిగని ఆనపకాయ. ఆ ఆనపకాయకు కత్తిపీట చాలదు, గొడ్డలి తెమ్మని మా అన్న అనేవాడు. మాంసం తినే ఇంట్లో అయితే ఒకటి చెడినా మసాలా దాన్ని మోస్తుంది. మాలాంటి ఇంట్లో పూటంతా పప్పు మీద, ఒక కూర మీద, చారు మీద ఆధారపడి ఉంటుంది. పప్పు రాయైతే తినడానికి ఇంకేమీ మిగలదు. మేం దాదాపు శాకాహారులం. ఆ దాదాపు మా అన్న. బస్టాండు దగ్గర ఆమ్లెట్ బండి ఉండేది. ఇంట్లో పప్పు ఉడకని రోజులు పెరిగినకొద్దీ ఆ దాదాపు కూడా పెరుగుతూ వచ్చింది.

వదిన మొగుళ్లపల్లి నుంచి వచ్చింది. వాళ్ల నాయినది చిన్న దుకాణం. రైతులు తెచ్చిన కందులు ఇంట్లోనే నానబెట్టి, ఎండబెట్టి, ఇసుర్రాతిలో పప్పు చేసుకునేవాళ్లు. బిడ్డ చేతి పప్పుచారు తప్ప ఆయనకు ముద్ద దిగేది కాదట. పెళ్లికని బాపు కొత్త బస్తా విప్పిన రోజుల్లో ఆమె మా ఇంట్లో వండిన మొదటి వంటలు నాకు గుర్తున్నాయి. వచ్చిన చుట్టాలు చారు గిన్నెలో గరిటె అడుగంటేదాకా వదల్లేదు. పెళ్లివారు వెళ్లిపోయారు, బస్తా మారింది, వంట కూడా మారింది. పప్పు ఒకచోట, నీళ్లు ఒకచోట. చారు నల్లగా. ఉప్మాలో ముక్కిపోయిన వాసన. "మొదట్ల మంచిగనే వండింది, ఇప్పుడు మనసు వెడుతలేదు" అన్నారు. కొన్నాళ్లకు ఆ మాట కూడా మానేసి, ఆమె చెయ్యే మంచిది కాదని తేల్చేశారు. నా భార్య మహబూబాబాద్‌లో టీచరు, పొద్దున రైలుకు పోతే సాయంత్రం వస్తుంది. వంట వదినదే, నింద కూడా వదినదే.

మరి చుట్టాలొస్తే మా అమ్మ వండేది. అదే ఇల్లు, అదే పొయ్యి, అవే నీళ్లు. పప్పు వెన్నలా ఉండేది. "అమ్మ చెయ్యి" అని అక్క కళ్లు మూసుకుని తినేది. ఆ చేతి మహిమ ఏమిటో ఇంట్లో నాకొక్కడికే తెలుసు. మధ్యాహ్నం బాపు కునుకు తీసే వేళ అమ్మ దుకాణంలో వచ్చి కూర్చునేది. డిగ్రీ అయిపోయి అక్కడే కూర్చున్న నాతో, "జర గా కొత్త బస్తా మూతి ఇప్పు" అనేది. స్టీలు డబ్బా నిండా పప్పు తీసుకుని కొంగు కింద పెట్టుకుని ఇంటికి పోయి, తన అల్మారాలో దాచుకునేది. వదినకు కూడా ఇవ్వరాదా అని ఒకసారి అడిగాను. "ఇద్దరం తీస్తే మీ బాపుకు దొరుకుతం. నేను మా అత్త చేతికింద ఎన్నేండ్లు రాళ్లు ఉడకబెట్టిన్నో నీకేం ఎరుక" అన్నది. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. తన తిప్పలు తీరే దారి ఒకటి దొరికింది, ఆ దారిలో ఒక్కరికే చోటుంది.

అప్పుడు నా చేతిలో లేదనుకుందాం. బాపు పోయాడు, అమ్మ పోయింది, దుకాణం నా చేతికి వచ్చింది. తాత కట్టడిని నేను అలాగే నడిపాను. ఎందుకంటే అలవాటు. ఒకరోజు వదిన దుకాణానికి వచ్చి, గిరాకీ లేనప్పుడు మెల్లగా అడిగింది. "ఏమయ్యా, ఇంటికి పంపే పప్పు ఏమన్న వేరేదా?" నేను లెక్క చూసుకుంటూ తల ఎత్తకుండా, "అందరు గిదే కొనుకపోతున్నరు వదినా, ఎవరు ఏమనలే" అన్నాను. ఆ రోజు నుంచి ఆమె కూడా అందరితోపాటు తన చెయ్యే మంచిది కాదని నమ్మింది.

అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియక కాదు. వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పేవాణ్ణి: పప్పు మరీ మెరుస్తుంటే కొనకండి. ఒక గింజ కొరికి చూడండి, కొత్తదైతే కాస్త తియ్యగా, పచ్చి వాసనగా ఉంటుంది, పాతది రుచీ వాసనా లేని గులకరాయి. చవకగా వస్తుందని ఏడాదికి సరిపడా కొంటే మిగిలిందంతా గ్యాసుకు పోతుంది, నెలకు తీసుకోండి. చింతపండు ఎర్రగా ఉండాలి, పప్పు మెత్తబడ్డాకే అందులో పులుసు పోయాలి, ముందే పోస్తే ఇక అది మెత్తబడదు. జీలకర్ర అరచేతిలో నలిపి వాసన చూడండి. రవ్వ తెచ్చిన రోజే వేయించి పెట్టుకోండి. బెండకాయ కొన టక్కున విరగాలి, వంకాయ చేతిలో తేలిగ్గా ఉండి తొడిమ పచ్చగా ఉండాలి, పుంటికూర లాంటి ఆకుకూర పొద్దున్నే కొనాలి. వంట సగం అంగట్లోనే అయిపోతుందని పెద్ద మాట కూడా ఒకటి చెప్పేవాణ్ణి. ఆ చెప్పిన నోటితోనే సాయంత్రం దుకాణంలో పనిచేసే అతనికి, అడుగు పప్పు ఇంటికి పంపు అనేవాణ్ణి. మా బిడ్డ కాపురానికి పోయేటప్పుడు సామాన్ల మూటలో కూడా అదే కట్టించాను.

గ్రూపులో అక్క తీర్పు వచ్చిన వారంలోనే బిడ్డ ఫోన్ చేసింది. కాటారం నుంచి అత్తమామలు మొదటిసారి వాళ్లింటికి భోజనానికి వస్తున్నారట. అన్న దుకాణం చూసుకుంటానన్నాడు. నేను వదినను తీసుకుని భూపాలపల్లి పోయాను.

మేము పోయేసరికి బిడ్డ పరేషాన్‌లో ఉంది. "అమ్మా, రేపు నువ్వే వండరాదె" అన్నది.

"నేనా? నీ చెయ్యి చాలదని నా చెయ్యి కూడ పెట్టాలెనా? కర్రీ పాయింట్ ఉన్నది గదా, తెప్పియ్యి. గిన్నెల పోసి పెడితే ఎవరికెరుక?"

"మా అత్తమ్మకు ఎరుకైతది. మొన్ననే అన్నది, దుకాణమోళ్ల ఇంటి పిల్లకు పప్పు ఉడికిచ్చుడు రాదా అని. కర్రీ పాయింట్‌ది పెడితే ఇగ నన్ను ఊర్లె ఉంచదు."

"అట్లైతే నేనసలే వండ. నా వంట తిని, తల్లే గిట్లుంటె పిల్లెట్లుంటది అంటరు. నీ కాపురంల నా పేరెందుకు?"

వదిన ఈ మాట కోపంతో అనలేదు. వానొస్తుంది గొడుగు తీసుకుపో అన్నట్టుగా అన్నది. అది విన్నాక నాకు ఇంక ఆగడం చేతకాలేదు. "తప్పు మీ చేతులల్ల లేదు వదినా, పప్పుల ఉన్నది" అన్నాను. అంతా చెప్పాను. బస్తా అడుగు సంగతి, అమ్మ డబ్బా సంగతి, ఆ రోజు దుకాణంలో తల ఎత్తకుండా నేను చెప్పిన అబద్ధం. బిడ్డ నోరు తెరిచి వింది. వదిన గట్టు మీది పప్పు డబ్బా దగ్గరికి లాక్కుని, మూత తీసి, ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది.

"అత్తమ్మకు కూడ ఎరుకేనా?" అన్నది.

"అవు వదినా."

ఆమె డబ్బాలోకే చూస్తూ, "మా నాయిన పాణం బాగలేనప్పుడు నేను మొగుళ్లపల్లికి పోయిన, నీకు యాదున్నదా?" అని అడిగింది. ఉందన్నాను. "పప్పుచారు చేసి పెట్టు బిడ్డా అన్నడు. నా చెయ్యి ఇప్పుడు మంచిగలేదు నాయినా, నీ కోడలు చేస్తది తిను అన్న. మళ్ల అడిగిండు. మళ్ల గదే చెప్పిన. తర్వాత అడుగలే." గింజలు వేళ్లతో కదుపుతూ, "ఆ ఇంట్ల కొత్త పప్పే ఉండె" అన్నది.

ఆ జబ్బుతోనే ఆయన పోయాడు. ఆమె దుకాణానికి వచ్చి నన్ను పప్పు సంగతి అడిగింది ఆ ప్రయాణానికి ముందే. తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. "జర ముందుగాల చెప్పొద్దానయ్యా" అన్నది. డబ్బా మూత పెట్టి, "ఇగ నిలవడకు. అంగడికి పో. గిరాకీకి ఎట్ల ఏరిస్తవో నాకు గట్ల ఏరి తే" అన్నది.

భూపాలపల్లి అంగట్లో ఆ సాయంత్రం నేను చేసినంత బేరం నా జన్మలో చేయలేదు. ప్రతి దుకాణంలో గింజ కొరికాను. మూడో దుకాణం అతను, "అన్నా, కొంటవా, ఈడనే తిని పోతవా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పోయి ఆకుకూర, బెండకాయ తెచ్చాను. వదిన ఒక్కో బెండకాయ కొన విరిచి చూసి గిన్నెలో వేసుకుంది. వంట చేసినంతసేపూ చేతులు ఎక్కడా తడబడలేదు గానీ, కుక్కర్ మూత తీసేటప్పుడు మాత్రం బిడ్డను పిలిచి, "నువ్వు తియ్యి" అన్నది. పప్పు గరిటె తగలగానే విచ్చుకుపోయింది. వియ్యపురాలు రెండోసారి పప్పుచారు పోయించుకుని, "వదినా, మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండి పోరాదు" అన్నది. మా బిడ్డ అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

కథ ఇక్కడ చక్కబడాలి. కానీ బిడ్డ విస్తరి ఫోటో గ్రూపులో పెట్టింది, అక్క వెంటనే రాసింది: "ఇన్నేండ్లకు మా వదినకు చెయ్యి కుదిరింది." మళ్లీ బొమ్మలు. నాకు ఒళ్లు మండి, ఇప్పుడు మీకు చెప్పిందంతా అక్కడ కూడా రాశాను. ఒక్క బొమ్మ రాలేదు. అక్క ఫోన్ చేసింది. "పోయినామెను బజార్ల పెడుతున్నవేంది తమ్మీ" అన్నది. బజార్లో పెట్టుకున్నది నన్ను నేనే అక్కా అన్నాను. చాలాసేపు విన్నది, అవునన్నది, పాపం వదిన అని కూడా అన్నది. అంతా ఒప్పుకుని పెట్టేసే ముందు, "ఎట్లైనా అమ్మ చెయ్యే వేరు తమ్మీ" అన్నది. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో పరకాల బస్టాండులో మా బస్సు ఆగింది. పక్కనే మొగుళ్లపల్లి బస్సు నిలబడి ఉంది. ఒకసారి పోయొద్దామా వదినా అని అడిగాను. ఆమె కిటికీలోంచి ఆ బస్సు వైపు చూసి, "ఇప్పుడు ఆడ అడిగేటోళ్లెవరున్నరయ్యా" అన్నది. మేము చూస్తుండగానే అది కదిలి రోడ్డెక్కింది. ఆ బస్సు రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. నిజం తెలిసి ఆమె ఆ బస్సు ఎక్కవలసిన రోజు ఒక్కటే ఉండేది, ఆ నిజం అడగడానికి ఆమె ముందుగా నా దగ్గరికి వచ్చినప్పుడు నేను దుకాణంలో తల వంచుకుని కూర్చున్నాను.