కోడలి కొలత

పాలమూరులో రైలు గేటు దాటాక ఒక పాత పత్తి గోదాము ఉంది. దాని గోడ మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద తెలుగులో ‘మేకర్ స్పేస్’ అని రాసి ఉంటుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివాను గానీ అదేమిటో తెలియలేదు. మా వాడకట్టు వాళ్లు దాన్ని సామాన్ల షెడ్డు అంటారు. ఆ పేరే నయం. రంపాలు, డ్రిల్లు మిషను, వెల్డింగు మిషను, ఇంటికొకటి కొనుక్కోలేని సామానంతా అక్కడ ఉంటుంది. ఎవరైనా పోయి వాడుకోవచ్చు. వాడినవాళ్లు చెత్త ఊడ్చి, సామాను ఎక్కడిదక్కడ పెట్టి రావాలి. ఆ ఒక్క కట్టడి చూసే ఆ జాగా మీద నాకు గురి కుదిరింది.

మొదటిసారి నేను అక్కడికి పోయింది రాట్నం పట్టుకుని. మగ్గానికి దారం కండెలు చుట్టే రాట్నం చక్రం ఒకటి ఊగిపోతోంది. బజారులో చూపిస్తే కొత్తది కొనమన్నారు. ఎప్పటినుంచో తిరుగుతున్న రాట్నాన్ని ఒక్క ఇరుసు కోసం పారేస్తామా? షెడ్డును చూసుకునేది ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారు. ఆయన ఇరుసు చూసి, అక్కడున్న ఒక ఇనుప చువ్వను అరగదీసి ఎట్లా ఎక్కించాలో చూపించాడు. తాను చేసి ఇవ్వలేదు.

“నీ రాట్నం నువ్వే చెయ్యమ్మా. నేను పక్కన్నే ఉంట” అన్నాడు.

“చేసిస్తే ఏం పోతది?”

“మల్ల ఊగితే మల్ల నా దగ్గరికే వస్తవు.”

ఆ మాట నచ్చింది. అప్పటినుంచి పని ఉన్నా లేకున్నా పోవడం అలవాటైంది. అక్కడ ఒక మూల తుక్కు డబ్బా ఉంటుంది. మిగిలిన కట్టె ముక్కలు, వంగిన మేకులు, తెగిన వైర్లు అందులో వేస్తారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. నేను పోయిన ప్రతిసారీ ముందు మేకులు ఏరి, రాయి మీద పెట్టి సుత్తితో సాఫు చేసి వేరే డబ్బాలో వేసేదాన్ని. పక్కన ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. బజ్జీల బండి నడిపే ఆమె గాలికి పొయ్యి ఆరిపోకుండా రేకు అడ్డం కట్టుకునేది. గొర్రెలు కాసే అతను నీళ్ల తొట్టికి చక్రాలు బిగించుకునేవాడు. పాలిటెక్నిక్ చదివే ఒక పిల్ల అయితే ఏదో మిషను ముందు కూర్చుని ప్లాస్టిక్ వైరును కరిగించి జిలేబీ చుట్టినట్టు చుట్టించి గిన్నెలు, గేర్లు తీసేది. నాకోసం ఒక కండె పుల్ల కూడా తీసింది. నున్నగా ఉంది, దారం జారిపోయింది.

“గిది కండె కాదు, సబ్బుబిళ్ల” అన్నాను. ఆ పిల్ల నవ్వి, దానికి గాట్లు పెట్టి మళ్లీ తీసింది. ఈసారి దారం నిలిచింది.

కిందటేడు మా కోడలు బస్సు దిగుతూ జారి మోకాలు విరగ్గొట్టుకుంది. దవాఖానలో రాడ్డు వేశారు. నడుస్తుంది గానీ కింద కూర్చోవద్దు, గుంటలోకి దిగవద్దు, కుర్చీలో మాత్రం కూర్చోవచ్చు అన్నారు. మాది గుంట మగ్గం. నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. గుంటలోకి దిగకపోతే నేత లేదు. సగం నేసిన గళ్ల చీర పడుగు మీద అట్లాగే ఆగిపోయింది. నేను కూర్చుందామంటే కాళ్లు బాగానే ఆడతాయి గానీ చూపు తగ్గింది, తెగిన పోగు కనబడదు.

“నీ కాళ్లు, నా కండ్లు కలిపితే ఒక సాలె మనిషైతది అత్తమ్మా” అని కోడలు నవ్వింది. నవ్వింది గానీ రోజూ పొద్దున్నే కుంటుకుంటూ పోయి ఆ పడుగు మీద దుమ్ము విదిలించేది. దాని మీద కప్పిన గుడ్డ సర్దేది.

మా కొడుకు బట్టల దుకాణంలో పనిచేస్తాడు. వాడొక రోజు అన్నం తింటూ మాట తీశాడు.

“మగ్గం ఇప్పేద్దామమ్మా. గుంట పూడ్పిస్తే గా అర్ర కిరాయికియ్యొచ్చు. సదువుకునే పోరలు అడుగుతున్నరు.”

ఖాళీగా ఉన్న అర్ర కిరాయికి పోతానంటే వద్దనే మనిషిని కాను. కోడలే కంచం పక్కకు జరిపింది.

“నన్ను గుంటల దిగొద్దన్నరు గని నెయ్యొద్దనలే గదా.”

“మరి గుంటను పైకి తెస్తవా?” అన్నాను నేను.

“తెస్తే తేవచ్చు. రోజూ మేకులు సాఫు చేయనీకి పోతవు గదా, మీ షెడ్డుల అడుగు. నాకు నేత తప్ప వేరే పని రాదత్తమ్మా. ఇంట్ల ఉత్తగ కూసుంటే నాకు పిచ్చి లేస్తది.”

కొడుకు దసరా దాకా చూస్తానన్నాడు. అప్పటికి మగ్గం నడిస్తే ఉంటుంది, లేకపోతే గుంట పూడుతుంది.

మర్నాడు షెడ్డుకు పోయి చెప్పాను. నిలబెట్టే మగ్గాలు దొరుకుతాయి గదా అన్నాడు సారు. “కొత్తది కొనేదుంటే మీ కాడికి ఎందుకొస్త?” అన్నాను. ఆయన నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయి, ఏదో బడివాళ్లు పనికిరావని ఇచ్చిన పాత బెంచీలు చూపించాడు. మంచి గట్టి కట్టె. ఒక బెంచీ కాలు మీద ఎవరో పిల్లలు కంపాసు మొనతో చేప బొమ్మ చెక్కి ఉన్నారు. ఆ కట్టెతో ఒక చట్రం చేసి, మగ్గాన్ని గుంటలోంచి ఎత్తి దాని మీద కట్టాలి. నేసేవాళ్లు బల్ల మీద కూర్చుని, కాళ్లు నేలకు దించి తొక్కాలి. పాలిటెక్నిక్ పిల్ల గీతలు గీసుకుంది. మా ఇంటికి వచ్చి మగ్గం కొలతలు తీసుకుంది. ఆ రోజు కోడలు కాలు చూపించుకోవడానికి దవాఖానకు పోయింది.

“కూసునేటోళ్ల కాలు కొలత కూడ గావాలె అవ్వా. రేపొస్త” అంది ఆ పిల్ల.

“రేపెందుకు, మల్ల ఆటో కిరాయి దండుగ. మగ్గం నాది. నా కాలు కొలుచుకో” అని కుర్చీలో కూర్చున్నాను.

ఆ పిల్ల కొలుచుకుని పోయింది. నా మాటలో నాకు ఏ తప్పూ కనబడలేదు. మా ఇళ్లలో మగ్గం అంటే అత్తది. గుంట అత్త కాలికి తవ్వుతారు, కోడలు వచ్చి అందులో సర్దుకుంటుంది. మా అత్త పొట్టి మనిషి. నేను పొడుగు. నేను కాపురానికి వచ్చాక ఆ లోతులేని గుంటలో మోకాళ్లు గట్టుకు కొట్టుకుంటూనే నేశాను. ఆమె మగ్గం దిగాకే మా ఆయన గుంటను లోతు చేశాడు.

చట్రం తయారైంది. చెక్కలు బిగించడం నేనూ, కోడలూ, ఆ పిల్లా కలిసే చేశాం. సారు పక్కన నిలబడి చెబుతూ ఉండేవాడు. మగ్గం ఇంటికి చేరింది. చెక్కలు గట్టి నేల మీద పడేట్టు మగ్గం జరిపాం. పడుగు కిందికి వచ్చిన గుంటను పూడ్చనివ్వలేదు నేను. అందులో తడి గోనెసంచి వేసి ఉంచితే ఎండల్లో కూడా పడుగు మెత్తగా ఉంటుంది. కోడలు బల్ల మీద కూర్చుని దండం పెట్టుకుని, పేక దారం కండె ఉన్న నాడె విసిరింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూశారు. కుర్చీ మీద రాణి లెక్క కూర్చున్నవే అని ఎగతాళి చేశారు.

కొన్ని రోజులు గడిచాయి. చూపు తగ్గినా వేళ్లకు తెలుస్తుంది కదా. నేసిన బట్ట మీద చెయ్యి వేసి చూస్తే పేక ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా తగిలింది. పోగులు కూడా ఊరికే తెగుతున్నాయి. పైగా కోడలు బల్ల దిగుతూ గోడ పట్టుకుంటోంది.

“ఏందే గీ నేత? కొత్తగ నేర్చుకునేటోళ్లు నయం. గింత చేసి చట్రం కట్టించుకున్నది గిందుకేనా?”

కోడలు తల వంచుకుని పోగు ముడి వేస్తూ అంది. “బల్ల నీకు సరిపోతది అత్తమ్మా. నాకు మునివేళ్లే అందుతున్నయి. చెక్క అడుగుదాక దిగుతలేదు.”

“మరి మొదటి రోజే ఎందుకు చెప్పలే? నోట్ల నాలుక లేదా?”

“గుంటల గూడ గంతే గదా. నీ గుంట నాకు లోతే. ఇన్నేండ్లు ఇటుక పెట్టుకొని తొక్కిన.”

ఆ ఇటుక నాకు తెలుసు. ఎన్నోసార్లు గుంట ఊడుస్తూ తీసి మళ్లీ పెట్టాను. అది ఎందుకు అక్కడుందని ఒక్కసారీ అడగలేదు.

పొద్దున్నే ఇద్దరం ఆటోలో మగ్గం చట్రం, బల్ల వేసుకుని షెడ్డుకు పోయాం. సారు చూసి కాళ్లు కోయాలన్నాడు. బల్ల కాళ్లూ, చట్రం కాళ్లూ అన్నీ. నా ప్రాణం ఒప్పలేదు.

“మంచి కట్టె. కోస్తే మల్ల అతుకుతదా? చెక్కల కింద ఇటుకలు పెట్టుకుంటే అయితది గదా.”

“ఇటుక పెడితే చెక్క దిగనీకి జాగా ఉండదవ్వా. పడుగు నోరు తెరవదు, నాడె పోగులకు తగులుతది” అంది పాలిటెక్నిక్ పిల్ల. “ఇప్పుడైతున్నది గదే.”

ఆ కట్టె కోసమే నేను గుంజులాడతానని కోడలికి తెలుసు. బేరం ఎటు తెగుతుందా అని చూస్తున్నట్టు నిలబడింది. దసరా ఇంక ఎంతో దూరం లేదు.

“కూసో” అన్నాను కుర్చీ చూపించి.

కూర్చుంది. నేను కింద కూర్చుని టేపు మొన దాని మడమ దగ్గర నేలకు నొక్కి పట్టుకున్నాను. పాలిటెక్నిక్ పిల్ల మోకాలి కింద చదివింది. మళ్లీ చదవమన్నాను. చెప్పులిడిచి మళ్లీ కొలవమన్నాను. కోడలు కాళ్లు వెనక్కి లాక్కోబోయింది.

“ఏందత్తమ్మా, కాళ్ల కాడ కూసున్నవు, ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?”

“కదలకు. మల్ల తప్పైతే కట్టె పోతది.”

నా కొలతకూ దాని కొలతకూ నాలుగు వేళ్ల తేడా వచ్చింది. గీత నేనే గీశాను. రంపం మిషను రొద చేస్తుంటే కట్టెను అటు చివర కోడలు, ఇటు చివర నేను పట్టుకున్నాం. చేప బొమ్మ ఉన్న కాలు వచ్చేసరికి చేప తోక తెగి కింద పడింది. పొట్టు ఊడ్చి, తెగిన ముక్కలన్నీ ఏరి నేను కొంగులో వేసుకున్నాను. తుక్కు డబ్బాలో వేయలేదు.

మగ్గం తిరిగి ఎక్కించాక కోడలు కూర్చుని తొక్కింది. పాదం మొత్తం చెక్క మీద ఆనింది. చెక్క అడుగుదాకా దిగింది. పడుగు నోరు బాగా తెరుచుకుంది, నాడె ఎక్కడా తగలకుండా అటు చివరికి పోయింది. దసరాకు ఆ గళ్ల చీర మగ్గం మీద నుంచి దిగింది. కొడుకు దాన్ని వెలుగులో పట్టుకుని చూసి మడత పెట్టాడు. అర్ర కిరాయి మాట మళ్లీ రాలేదు.

ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను ఆ బల్ల మీద కూర్చుని చూశాను. మోకాళ్లు పైకొచ్చి బట్ట చుట్టే కట్టెకు కొట్టుకున్నాయి. మా అత్త గుంటలో కొట్టుకున్నట్టే. దిగి వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను.

తెగిన ముక్కలతో సారు షెడ్డులో పీట చేసుకున్నాను. ఈసారి పాలిటెక్నిక్ పిల్ల అడగకముందే, నేను కింద కూర్చుంటే చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో కొలిచింది. నాలుగు వేళ్ల ఎత్తు పీట, ఒక కాలికి చేప తోక. దాని మీద కూర్చుంటే రాట్నం సరిగ్గా చేతికి అందుతుంది. నేను కండెలు చుడతాను, కోడలు నేస్తుంది. వెనకటికి నేను నేసేటప్పుడు కండె ఆలస్యమైతే కోడల్ని కసిరేదాన్ని. ఇప్పుడు అది మగ్గం మీద నుంచి కేకేస్తుంది.

“అత్తమ్మా, కండె అయిపాయె. జర జల్ది.”

“ఉరుకులాడకు. పోగు తెగుతది” అంటాను గానీ, చెయ్యి మాత్రం ఆపను.