ఎలుకల ఎదుట క్యారియర్

పెద్దసారుకు ఒంటరిగా ముద్ద దిగదు. మందుల పరిశోధనశాలలో ఆయన హోదాకు తగ్గ గది, బల్ల, ఫ్యాను అన్నీ ఉన్నాయి. అయినా మధ్యాహ్నం కాగానే క్యారియర్ పట్టుకుని తోడు వెతుక్కుంటూ బయల్దేరేవారు. ఎదుటివాళ్ళ పళ్ళెంలోకి చూస్తూ తినడం, పైగా "అంతేనా?" అనడం ఆయన అలవాటు. అందుకని ఆయన చెప్పుల చప్పుడు వినగానే అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

చివరికి ఎలుకలే దిక్కయ్యాయి. గంజాయి మొక్కలోంచి మత్తెక్కించని పదార్థం ఒకటి తీసి, అది ఆకలి పుట్టిస్తుందేమో చూడడం అక్కడి పని. కొన్ని ఎలుకలకు ఆ మందు కలిపిన నూనె, పోల్చి చూడడానికి కొన్నింటికి వట్టి నూనె పోసేవారు. ఆ బోనుల ముందు స్టూలు వేసుకుని సారు దర్జాగా భోంచేసేవారు.

ఆయన బావమరిది ఒకసారి చాటుగా అడిగాడు. "బావా, ఓ సీసా ఇప్పించు."

"మత్తెక్కదురా. ఆకలేస్తుందేమో, అంతే."

"ఆకలికి మందెందుకు బావా, మా ఆవిడ వంట ఆలస్యం చేస్తే చాలు," అని అతను నిరాశగా వెళ్ళిపోయాడు.

బోనులు చూసుకునే అసిస్టెంటు అమ్మాయికి మాత్రం ఆ సీసా నిజంగానే కావాల్సి వచ్చింది. వాళ్ళమ్మకు పెద్ద జబ్బు నయమైంది గానీ ఆకలి చచ్చిపోయింది. రెండు ముద్దలకే పళ్ళెం తోసేసేది. ఇలాగైతే మనిషి దక్కడం కష్టమని డాక్టరు చెప్పేశాడు.

"మనుషులకి ఇంకా ఇవ్వకూడదమ్మా. ఏమవుతుందో నాకే తెలీదు," అన్నారు సారు. ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ వారమే ఎలుకలు తిన్న మేత తూకాలు తేలాయి. వట్టి నూనె తాగిన ఎలుకలు కూడా మందు తాగినవాటితో సమానంగా లాగించాయి. ఎదురుగా ఒక మనిషి అంత ఇష్టంగా తింటుంటే వాటికి మాత్రం నోరూరదా? ప్రయోగం మట్టికొట్టుకుపోయింది. సారు క్యారియర్‌ని బోనుల గదిలోకి రానివ్వొద్దని డైరెక్టరు ఉత్తర్వు వేశాడు.

మర్నాడు సాయంత్రం అసిస్టెంటు ఇంటి గుమ్మంలో సారు నిలబడి ఉన్నారు, చేతిలో క్యారియర్‌తో.

"నాకు ఒంటరిగా ముద్ద దిగదు అక్కగారూ. ఎలుకల్ని కూడా దూరం చేశారు," అని అమ్మ ఎదురుగా చతికిలబడ్డారు.

అమ్మకు ఒళ్ళు మండింది. "అలా చప్పరిస్తారేమిటండీ? చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదా?"

ఆయన ఆమె పళ్ళెంలోకి చూసి, "అంతేనా?" అన్నారు. పౌరుషానికి పోయి అమ్మ ఇంకో ముద్ద తింది. రోజూ ఇదే తంతు. చూస్తుండగానే అమ్మ బుగ్గలు తేరుకున్నాయి.

ఒకనాడు సారు భార్య అసిస్టెంటుకు ఫోన్ చేసింది. "ఏమ్మా, ఈయన సాయంత్రం ఎక్కడ తింటున్నారు? ఇంటికొచ్చి నాతో మళ్ళీ తింటున్నారు. చొక్కా బొత్తాలు పట్టడం లేదు."

అమ్మ కోసం ఆయన రోజూ రెండుసార్లు తింటున్నారని అసిస్టెంటుకు అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం గుమ్మంలోనే సారును ఆపింది. "అమ్మకి బాగానే ఉంది సార్. ఇక మీరు శ్రమపడకండి."

ఆయన ఏదో అనబోయేలోగా లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఆ చప్పరించే ఆయన ఇంకా రాలేదేమే? ఇక్కడ ఆకలి దంచేస్తోంది."

సారు చొక్కా కింది బొత్తాం విప్పుకుని లోపలికి నడిచారు.